కెమెరా చూడని మలుపు

ఎండోస్కోపీ వీడియోతో పేగు త్రీడీ బొమ్మను కట్టే మా సాఫ్ట్‌వేర్‌ను గల్ఫ్‌లోని సలాలాలో ఒక ఆసుపత్రిలో పరీక్షిస్తున్నాం. మంచం మీద, అక్కడి ఇళ్లలో పనిచేసే ఒక కడప అక్క మెలకువగానే ఉంది.

తెలుగు డాక్టరు బొమ్మను తిప్పి చూసి, "అంతా నున్నగా ఉందమ్మా, ఇక లేవచ్చు" అన్నారు.

అప్పుడే నాకు గుర్తొచ్చింది. కెమెరా చూడని చోటును నున్నటి గోడతో పూడ్చే సెట్టింగు ఒకటుంది. ముందురోజు ప్రదర్శనలో బొమ్మ అందంగా కనిపించాలని నేనే దాన్ని పెట్టి, తీయడం మరిచాను. చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఆమె ప్రాణం పోవచ్చు.

"సార్, పేగులో ఈ మలుపును కెమెరా చూడలేదు" అంటూ వేలితో చూపించి సెట్టింగు తీసేశాను. తెరమీద నల్లటి రంధ్రం తెరుచుకుంది.

"నా పేగుకు బొక్క పడిందా నాయనా?" అంది అక్క.

"లేదక్కా, నా బొమ్మకే."

గొట్టం మళ్లీ లోపలికి వెళ్లింది. ఆ మలుపులో శనగగింజంత గడ్డ ఉంది. డాక్టరు అప్పుడే తీసేశారు.

అక్క నాకు దండం పెట్టింది. నేను తలెత్తలేకపోయాను.