ఉప్పునీటి తొట్టిలో నట్టల మందు

సూర్యాపేటకు సముద్రం లేదన్న లోటును నేను తీర్చబోయాను. హాల్లో గాజుతొట్టి పెట్టి, ప్యాకెట్టు ఉప్పు కలిపి, అడుగున ఇసుక పరిచి, దాన్నే సముద్రం అన్నాను. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపల జంట. అంతకుముందు తెచ్చిన జంట చచ్చిపోయినప్పుడు మా ఆవిడ అన్నం ముట్టలేదు. "ఇవి కూడా పోతే తొట్టి తీసేయండి. చూస్తూ చూస్తూ చంపుకోవడం నా వల్ల కాదు" అంది. కోదాడ మనిషి. మెత్తగా చెప్పిందంటే ఖాయమని అర్థం.

కొన్నాళ్లకు ఇసుక మీద గోధుమరంగు జిగురు పేరుకుంది. మిగిలిన మేత ఇసుకలో కుళ్లితే నీళ్లు చెడతాయి. ఊడ్చిపెట్టే జీవాలు కావాలి. హైదరాబాదు దుకాణంలో ఇసుక తవ్వుకుంటూ తిరిగే నక్షత్రచేప మీద మనసు పడ్డాను.

"మీ తొట్టికి అది పెద్దది సార్. ఇసుకలున్న ప్రాణమంత తినేసి, తర్వాత ఆకలికి చస్తది" అన్నాడు దుకాణదారు.

నా జాతకంలో ఆ నక్షత్రం లేదనుకుని, ఇసుకలో దూరి తిరిగే చిన్న నత్తలూ, గుల్లను వీపున మోసుకు నడిచే సన్యాసి పీతలూ తెచ్చుకున్నాను. జీతం అడగని జీతగాళ్లు. ఇసుకతోపాటు వచ్చిన సన్నని వెంట్రుకల పురుగులనూ కదపొద్దన్నాడాయన. అడుగున కుళ్లు తినేవి అవేనట.

ఇసుక తెల్లబడింది. ఇంతలో మిర్యాలగూడలో చుట్టాల పెళ్లి వచ్చింది. ఇల్లు చూసుకోవడానికి ఆత్మకూరు (ఎస్) నుంచి బావ దిగాడు. మా అక్క భర్త, గొర్ల మందతోనే పెరిగినవాడు.

"బామ్మర్దీ, గీ నత్తలు మా పొలంల బస్తాలకు బస్తాలుంటయి. కొనుక్కచ్చినవా?"

"అవి ఉప్పునీళ్లవి బావా."

"మా ఊర్ల ఉప్పు దొరకదా?"

చేపలకు చిటికెడు మేత వెయ్యమని చెప్పి బస్సెక్కాం.

మర్నాడు పొద్దున వచ్చి తలుపు తీస్తే చేపల మార్కెట్టు వాసన. తొట్టిలో నీళ్లు కల్లులా తెల్లగా ఉన్నాయి. ఇసుక మీద పురుగులు దారపు ముక్కల్లా పడున్నాయి. నత్తలు వెల్లకిలా ఉన్నాయి. చేపలు రెండూ పైకి తేలి గాలి మింగుతున్నాయి. నా చేతిలో పెళ్లివారిచ్చిన లడ్డూల సంచి ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు.

బావ మాత్రం సంబరంగా ఎదురొచ్చాడు. "నీ తొట్టి నిండ నట్టలు పడ్డయి బామ్మర్దీ. అద్దం పొంటి పాకుతుంటే సూసిన. గొర్లకు తాపే మందు సంచిల ఉండె, జర పోసిన. సూడు, ఒక్కటి మిగల్లే."

వానలు పడగానే మంద మొత్తానికీ కడుపులో నట్టలు, అంటే పురుగులు, పోయే ఆ మందు తాగించడం గొర్ల కాపరులకు తప్పని పని. పురుగు కనిపిస్తే మందు పొయ్యనివాడు వాళ్లలో కాపరే కాదు. నట్టలకు పోసింది నత్తలకూ అందింది. ఒక్క అక్షరం తేడాను మందు పట్టించుకోదు.

"అవి రోగం కాదు బావా. ఇసుకను శుభ్రం చేసేవి అవే" అన్నాను.

బావ మొహం పాలిపోయింది. "పురుగులను గూడ సాదుతరని నాకేమెరుక" అన్నాడు మెల్లగా.

మా ఆవిడ మా ఇద్దరినీ చూడలేదు. పెళ్లిచీర కొంగు దోపుకుని "వల తేండి" అంది. నీళ్లు మార్చడానికని ముందే కలిపి ఉంచిన ఉప్పునీళ్లు నీలం డ్రమ్ములో ఉన్నాయి. చేపలను అందులో వేసి గాలి మోటరు పెట్టాం. పెట్టగానే కరెంటు పోయింది. ఎత్తునుంచి నీళ్లు పోస్తే గాలి కలుస్తుందన్నాను. బావ డ్రమ్ము పక్కన కూలబడి, చెంబుతో ముంచి పోయడం మొదలుపెట్టాడు. కరెంటు వచ్చాక కూడా ఆపలేదు. అన్నానికి పిలిస్తే "ఆకలైతలేదు" అన్నాడు.

నేను కుళ్లిన ఇసుకను గిన్నెతో తోడి పెరట్లో పారబోశాను. సన్యాసి పీతల్లో ఒక్కటీ కదల్లేదు. వాటి సన్యాసం పూర్తయింది. నవ్వు రాలేదు.

సాయంత్రం మా ఆవిడ డ్రమ్ములో మేత చల్లింది. పెద్ద చేప ఒక పలుకు నోట పట్టి ఉమ్మేసింది. మళ్లీ పట్టింది, మింగింది. చిన్నది దాని వెనకే వచ్చింది.

"తిన్నయా చెల్లె?" అన్నాడు బావ, గోడకేసి చూస్తూ.

"తిన్నాయన్నా. తొట్టి రేపు కడుగుదాం. ముందు లేచి నువ్వు తిను" అంది.