జిల్లేడుకి కాపలా

మా అపార్ట్‌మెంట్‌లో నన్ను అనుమానపక్షి అంటారని నాకు తెలుసు. వాళ్లేం తప్పు అనలేదు. స్కూల్లో సైన్సు చెప్పినన్నాళ్లూ పరీక్ష హాళ్లలో తిరిగి తిరిగి, తల వంచుకుని బుద్ధిగా రాసుకునేవాడి జేబులే ముందు వెతకాలని నేర్చుకున్నదాన్ని. రిటైరై గుణదలలో ఈ ఫ్లాటుకి వచ్చినప్పుడు ఆ కళ్లు కూడా నాతోనే వచ్చాయి.

ఆదివారాలు పిల్లల్ని మేడ మీదికి పోగేసి సీతాకోకచిలుకల పాఠం చెబుతుంటాను. పువ్వులుంటే చాలు, అవి వాటంతటవే వస్తాయనుకుంటారు జనం. పువ్వు వాటికి హోటలు లాంటిది, పుట్టిల్లు మాత్రం ఆకే. ఒక్కో జాతి తల్లి తనకి పనికొచ్చే ఆకు వెతుక్కుని దాని మీదే గుడ్డు పెడుతుంది. పుట్టిన పురుగు మాడి చస్తుంది గానీ వేరే ఆకు ముట్టదు.

మేడ మీద కుండీల్లో నిమ్మ, కరివేపాకు పెంచాను. వాటితో ఎవరికీ పేచీ లేదు, కరివేపాకు అడక్కుండా కోసుకెళ్లడం తప్ప. "కరివేపాకు మీద గుడ్లున్నాయి, కొయ్యకండి!" అని నేను మేడ మీంచి అరిచే అరుపు వీధి చివరిదాకా వినిపిస్తుందట. పేచీ అంతా వెనక గోడ పక్కన దానంతటదే మొలిచిన జిల్లేడుతో వచ్చింది. దాని ఆకుల మీద పురుగులు చేరాయి. నేను రోజూ బిందెతో నీళ్లు పోస్తున్నాను.

"జిల్లేడు మొలిచిన కొంపంటే పాడుపడ్డ కొంపని కదా మేడమ్! పైగా పురుగులు. పిల్లలకి పురుగులు చూపించడం ఏం చదువండీ?" అన్నారు మీటింగులో సెక్రటరీగారు. తల్లులు కొందరు తలాడించారు. ఈవిడ జిల్లేడుకి నీళ్లెందుకు పోస్తోందని ఒకరిద్దరికి నా మీదే అనుమానం. చేతబడి అనే మాట పైకి రాలేదు గానీ కళ్లల్లో కనబడింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆ పురుగులు సీతాకోకచిలుకలై ఎగిరితే చెట్టూ ఉంటుంది, నా ఆదివారం క్లాసూ ఉంటుంది. లేదంటే రెండూ ఉండవు.

నాకు మిగిలిన బడి అదొక్కటే. అది కూడా పోతే టీవీ ముందు కూర్చుని నిజంగానే ముసలిదాన్నైపోతానని నా భయం.

పురుగులు బాగానే ఎదుగుతున్నాయి. ఒంటి నిండా తెలుపూ నలుపూ చారలు, మధ్యలో పసుపు చుక్కలు, వీపు మీద నల్లటి కొమ్ములు. పిల్లలు భయం మానేసి వాటికి ముద్దుపేర్లు కూడా పెట్టుకున్నారు. అంతలో రథసప్తమి వచ్చిపడింది. ఆ రోజు తెల్లవారుతూనే తల మీద, భుజాల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చెయ్యాలి. మనిషికి ఏడాకులు. ఏడాదంతా చెట్టుని తిట్టినవాళ్లే ఆ పూటకి దాని చుట్టాలైపోతారు.

ఇంకేముంది, ఒక్కొక్కరి మీదా కన్నేశాను. మూడో అంతస్తు మామ్మగారు సాయంత్రం నడకని ఉన్నట్టుండి వెనక గోడ వైపుకి మార్చారు. సెక్రటరీగారు నన్ను లిఫ్టు దగ్గర ఆపి, "చెట్టు భలే గుబురుగా ఎదిగిందండోయ్" అన్నారు. తిట్టే నోరు మెచ్చుకుంటే నమ్మొచ్చా?

సరిగ్గా పండగ ముందురోజే పామర్రులో మా అక్క కూతురి సీమంతం. వెళ్లక తప్పదు, ఆ రాత్రికి ఉండకా తప్పదు. చెట్టుని ఎవరికి అప్పజెప్పాలి? బాగా ఆలోచించాను. మా బిల్డింగులో రథసప్తమి లేనివారు గ్రౌండ్ ఫ్లోర్ భాయ్‌గారొక్కరే. వన్‌టౌన్‌లో లేసులూ బొత్తాలూ అమ్మే షాపు ఆయనది. ఆయన కిటికీ సరిగ్గా చెట్టుకి ఎదురు. జిల్లేడాకుతో ఆయనకేం పని? నా తెలివికి నేనే మురిసిపోయాను.

"ఎవర్నీ కొయ్యనివ్వకండి భాయ్‌గారూ" అన్నాను.

"అలాగేనండీ టీచర్‌గారూ. నేను చూసుకుంటా కదా, మీరెళ్లిరండి" అన్నారు.

పండగ పొద్దున పామర్రులో అక్క నా నెత్తిన కూడా ఆకులు పెట్టబోయింది. ఒక్కోటీ తిరగేసి, అడుగున గుడ్లు లేవని చూసుకున్నాకే పెట్టనిచ్చాను. "ఆకుల్ని కూడా అనుమానిస్తావేంటే?" అని అక్క విసుక్కుంది. స్నానం అవగానే దొరికిన బస్సెక్కి వచ్చేశాను.

గేటులోంచే కనబడింది. చెట్టుకి కొమ్మలు తప్ప ఏమీ మిగల్లేదు. పురుగు ఒక్కటీ లేదు. భాయ్‌గారు నవ్వుతూ ఎదురొచ్చారు.

"అందరూ వచ్చి అడిగారండీ. మామ్మగారైతే నా చేతులు పట్టుకున్నారు. మీ పండక్కి ఆకులడిగితే నేను వద్దంటే ఏం బాగుంటదండీ? ఇంకెవరైనా అంటే ఒక మాట, నేనంటే ఇంకో మాటవుద్ది."

కంచే చేను మేసిందనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆయన, "పురుగులకేం కాలేదండీ. ఒక్కోదాన్నీ జాగ్రత్తగా తీసి మీ కరివేపాకు కుండీలో పెట్టా" అన్నారు.

మేడ మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు. కరివేపాకు రెమ్మల మీద పురుగులు తలలెత్తి అటూ ఇటూ తడుముకుంటున్నాయి. ఒక్కటీ ఆకు కొరకడం లేదు. ఇంకో రోజు ఇలాగే ఉంటే చచ్చిపోతాయి. ఏడుపొచ్చింది.

పిల్లల్ని వెంటపెట్టుకుని కాలవగట్టుకి పరిగెత్తాను. పండగ ఊరందరిదీ కదా, గట్టు మీద జిల్లేళ్లన్నీ మోడులే. ఊళ్లో ఆకులన్నీ ఎక్కడున్నాయో అప్పుడు తట్టింది. మా బాత్‌రూముల్లో ఉన్నాయి.

పిల్లలు పళ్లేలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, స్నానం చేసిన ఆకులు పారెయ్యకుండా ఇమ్మన్నారు. కొందరు నవ్వుతూ ఇచ్చారు. సెక్రటరీగారింటి ఆకులు షాంపూ వాసనేశాయి. అనుమానమొచ్చి అన్నిటినీ మూడు నీళ్లు కడిగించాను. మామ్మగారు మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"సూర్యనారాయణమూర్తి పేరు చెప్పి నెత్తిన పెట్టుకున్నవమ్మా ఇవి. ఎవరూ తొక్కని చోట వెయ్యాలి. పురుగులకి పెడతానంటావేంటి?"

"పురుగు తినేస్తే ఇంకెవరు తొక్కుతారండీ?" అన్నాను.

మామ్మగారు నన్ను ఎగాదిగా చూసి లోపలికెళ్లారు. తడిగుడ్డలో చుట్టిన ఓ పెద్ద కట్ట తెచ్చారు. అన్నీ తాజా ఆకులే. "మా అమ్మాయి వాళ్లింటికి పంపుదామని కాస్త ఎక్కువ కోశాలే" అన్నారు, నా మొహం చూడకుండా. ఆవిడ మీద నా అనుమానం అక్షరాలా నిజమైంది. ఆ కట్టే నా పురుగుల్ని బతికించింది. కడిగిన ఆకులు కాస్త వాడిపోతే, ఫ్రిజ్‌లో దాచిన మామ్మగారి ఆకులు పెట్టుకుంటూ వచ్చాం.

పురుగులు గూళ్లు కట్టాయి. ఒక పొద్దున మొదటి గూడు పగిలి, తడి రెక్కలతో నారింజ రంగు సీతాకోకచిలుక బయటికొచ్చింది. సెక్రటరీగారు ఫోన్లో వీడియో తీసుకుని, చెట్టు సంగతి ఎత్తకుండా కిందికి దిగిపోయారు. అందరూ వెళ్లాక భాయ్‌గారు మిగిలారు.

"మిమ్మల్ని నమ్మి అప్పజెప్పాను భాయ్‌గారూ" అన్నాను. నాకింకా కోపం పోలేదు.

"నమ్మి కాదండీ" అన్నారాయన, సీతాకోకచిలుకనే చూస్తూ. "నాకా ఆకుతో పని లేదని లెక్కేసి అప్పజెప్పారు. ఏ పురుగు ఏ ఆకు తింటదో పిల్లలందరికీ చెప్పారు, కాపలా పెట్టిన మనిషికి చెప్పలేదు. నాకు తెలిసిందల్లా మీరు మేడ మీంచి అరిచే కరివేపాకేనండీ."

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

"ఆదివారం పైకి రండి" అన్నాను.

వచ్చారు. పిల్లలందరి వెనక, వాటర్ ట్యాంకు నీడలో, తల వంచుకుని బుద్ధిగా కూర్చున్నారు. అలా కూర్చునేవాళ్ల మీద నాకు ఎప్పుడూ అనుమానమే. లేచి ముందు వరసలోకి రమ్మన్నాను.