ఆమె వద్దన్న స్విచ్ పెట్టె

నా భార్య చనిపోయింది. ఆ రోజు పొద్దున జనగామ నుంచి మహబూబాబాద్ వెళ్లి, తమ్ముడి షెడ్డు చూసి, మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. చెప్పులు విప్పి కుర్చీలో కూర్చుంది. "వాడు నా మాట ఇనేటట్టు లేడు" అంది. టీ సగం తాగి ఛాతీ పట్టుకుంది. ఆటోలో దవాఖానకు చేరేసరికే ప్రాణం పోయింది.

భూపాలపల్లి బొగ్గు గనుల వర్క్‌షాపులో ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పనిచేసింది. రిటైరయ్యాకే జనగామకు వచ్చాం. గనిలోకి పోయే మోటారైనా, స్విచ్ పెట్టె అయినా ఆమె చూశాకే దిగేది. నేను కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఆ ఇనుప స్విచ్ పెట్టెలు, గనిలో ఊరే మండే గ్యాస్ లోపలికి పోకుండా ఆపుతాయని చాలాకాలం అనుకున్నాను. కాదని ఆమే చెప్పింది. గ్యాస్ లోపలికి పోతుంది, స్విచ్ రవ్వకు పేలుతుంది కూడా. మూతకూ పెట్టెకూ మధ్య ఉన్న సన్నని సందులోంచి బయటికి వచ్చేలోపు ఆ మంట చల్లారాలి. సందు వెంట్రుకవాసి పెరిగినా బయటి గాలి అంటుకోవచ్చు.

ఒక దసరాకు వర్క్‌షాపు వాళ్లు ఆయుధ పూజ కోసం పెట్టెలకు కొత్త రంగు వేశారు. ఉత్సాహం పట్టలేక మూతలు విప్పి అంచులకు కూడా పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. మర్నాడు అవి గనిలోకి దిగాలి. ఆమెను ఇంటికి తీసుకెళ్దామని నేను అక్కడికి వెళ్లాను. కొబ్బరికాయ కొట్టబోతున్న ఫోర్‌మన్‌ను ఆమె ఆపింది.

"బొట్టు పైన పెట్టుర్రి అన్నా, అంచుకు పెట్టకుర్రి. రంగు మందానికి మూత సక్కగ కూసోదు."

"పండుగ పూట గిదేంది మేడం? అమ్మవారు కోపం జేస్తది."

"అమ్మవారికి నేను జెప్పుకుంట. మీరు రంగు తియ్యుర్రి."

తీశారు. ఆమె పక్కనే నిలబడి ఒక్కో అంచునూ వేలితో తడిమి చూసింది. మేం జమ్మి దగ్గరికి చేరేసరికి అంతా వెళ్లిపోయారు. ఇద్దరమే ఒకరి చేతిలో ఒకరం ఆకు పెట్టుకున్నాం.

ఇంట్లోనూ అంతే. బయటి నుంచి వస్తే ముందు వాసన చూసేది, తర్వాతే లైటు వేసేది. ఒకసారి వంటింట్లో గ్యాస్ వాసన వస్తుంటే నేను ఫ్యాన్ ఆపబోయాను. చెయ్యి పట్టి లాగింది.

"ఆపినా రవ్వ లేస్తది. ముట్టకుర్రి. కిటికీలు తియ్యుర్రి."

ఆ లాగుడుకు ఆమె గాజు పగిలి నా మణికట్టు గీసుకుంది. గీత ఇంకా ఉంది. చేతులు కడుక్కునేటప్పుడు కనిపిస్తుంది.

ఆమె తమ్ముడు మహబూబాబాద్ శివారులో రంగుల్లో కలిపే థిన్నర్‌ను డబ్బాలకు నింపే షెడ్డు పెట్టాడు. దానికోసం గని తుక్కులోంచి పాత స్విచ్ పెట్టె ఒకటి తెచ్చి బిగించాడు. చివరి రోజు ఆమె చూసింది దాన్నే. అక్కడ జరిగిన మాటలు ఆమె కొన్ని, అతను కొన్ని నాకు చెప్పారు.

"గనిల పనిజేసింది అక్కా, నా షెడ్డుల పనిచెయ్యదా?"

"గని గ్యాస్ వేరు, నీ థిన్నర్ ఆవిరి వేరు. గీ మంట ఇంకా సన్న సందులకెల్లి గూడ బయటికొస్తది. గా పెట్టె దీనికి కాదు."

"పెండ్లికి గూడ గిన్ని గోత్రాలు సూడలే గదనే!"

"పెండ్లి చెడితే ఇంటికొస్తరు. గిది చెడితే ఎవ్వలు రారు. తీసెయ్."

అతను నవ్వాడట. ఆమె నవ్వలేదు.

దినాలు అయ్యేదాకా షెడ్డు మూసే ఉంది. ఈ రోజు పొద్దున అతను ఫోన్ చేశాడు.

"బావా, రేపు షెడ్డు సురువు జేస్తున్న. హైదరాబాద్‌ల కొత్త పెట్టెకు చెప్పిన. గది వచ్చేదాక దీంతోనే నడిపిస్త."

"అక్క వద్దన్నది గదా."

"అక్క అన్నిటికి భయపడేది బావా. కొద్ది దినాలే."

"గా కొద్ది దినాలు ఆవిరి ఊకుంటదా?"

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

చెడ్డవాడు కాదు. పాడె మోస్తూ నాకంటే ఎక్కువ ఏడ్చాడు. ఆమె భయస్తురాలన్న మాట మాత్రం ఒప్పుకోను. గనిలోకి దిగి వచ్చిన మనిషి ఆమె. ఆ షెడ్డులో కొత్తగూడ నుంచి వచ్చిన ఆడవాళ్లు నేల మీద కూర్చొని డబ్బాలు నింపుతారు. గోడకున్న పెట్టె సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

రేపు పొద్దున మొదటి రైలుకు మహబూబాబాద్ వెళ్తాను. ఆ ఆడవాళ్లు పనికి రాకముందే షెడ్డు గేటు ముందు కూర్చుంటాను. అతను ఆ పెట్టె విప్పి బయట పెట్టేదాకా లేవను.