పిడికెడు చొప్పున దేవుడు నాకిచ్చిన బలం

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యం చెప్పుకోవడానికి నేను మా సంఘంలో మూడు ఆదివారాలు చీటీ రాసి ఇచ్చాను. మొదటిసారి వేళ చాలలేదన్నారు. రెండోసారి చీటీ కనపడలేదన్నారు. మూడోసారి మా సంఘ పెద్ద యాకోబు గారు, నాకు వరసకు బాబాయి అవుతారు, చీటీ మడిచి జేబులో పెట్టుకొని, "ముందు పూర్తిగా నయం కానియ్యిరా, సగం నయమైనోడి సాక్ష్యం ఎవరిక్కావాల?" అన్నారు. ఆ రోజే తప్పిపోయిన గేదె దొరికిందని ఒకరు సాక్ష్యం చెప్పారు, దానికి వేళ చాలింది. గేదె దొరకడం దేవుని కృపే, నేను కాదనను. కానీ ఆ గేదెకున్న పాటి చోటు నాకు లేకపోయింది గనుక ఈ పత్రిక ద్వారా మీకు రాస్తున్నాను.

నా పేరు జకరయ్య. మాది గురజాల దగ్గర పల్లె. నాపరాళ్ళ క్వారీలో లారీలకు రాళ్ళెత్తే ముఠాలో పన్నెండేళ్ళు పనిచేశాను, ఏ రోజూ నా వంతు ఇంకొకడి మీద వేయలేదు. సమితులు పోయి మండలాలు వచ్చిన ఏడాది ఎండాకాలంలో, లారీ మీద నిలబడి రాయి అందుకుంటుండగా కాలు జారి వెనక్కి పడ్డాను. తల వెనక భాగం కింద పేర్చిన రాళ్ళకు కొట్టుకుంది. కాసేపు నాకేమీ తెలియలేదట. కళ్ళు తెరిచేసరికి ముఖం మీద నీళ్ళు, చుట్టూ ముఠావాళ్ళు. రక్తం చుక్క లేదు. ఇక్కడే నేను పొరపాటు చేశాను. ముఠాలో ఒకడు కూర్చుంటే వాడి బరువు మిగతావాళ్ళు మోయాలి, ఆ మాట పడకూడదని లేచి సాయంత్రం దాకా రాళ్ళెత్తాను.

మర్నాటి నుంచి మొదలైంది. నొప్పి అంటే నొప్పి కాదు, తడిపిన తలగుడ్డ చుట్టి ఎవరో రెండు కొసలూ పట్టి మెలిపెడుతున్నట్టు ఒకటే బిగింపు. కదలకుండా కూర్చుంటే ఉండదు. రాయెత్తినా, మెట్టెక్కినా, బోరింగు కొట్టినా, ఆ పని అయిపోయిన కాసేపటికి పట్టుకునేది, ఇక వెలుతురు చూడలేను, పక్కన ఎవరు మాట్లాడినా ఓర్చుకోలేను, రెండు మూడు రోజులు మంచమే. నరసరావుపేట వెళితే డాక్టరు గారు ఫోటో తీయించి, ఎముక విరగలేదు, మెదడు అదిరింది, బయటికేమీ కనపడదు, బరువులు మాని మెల్లమెల్లగా కోలుకోవాలి అన్నారు. ఊళ్ళోకి వచ్చి ఆ మాట చెబితే ముఠా మేస్త్రి నవ్వాడు. "ఏందిరా జకరయ్యా, తినేటప్పుడు రాని బిగింపు రాళ్ళెత్తేటప్పుడే ఎట్టా వచ్చిద్ది?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తుంది, పేర్లు రాయను. వారం తిరక్కుండా నా చోట్లో ఇంకొకణ్ణి పెట్టుకున్నారు.

అప్పుడే మా సంఘం కొత్త మందిరం కడుతోంది, ఆరాధన కూడా లేచినంత మటుకు ఆ గోడల మధ్యే జరిగేది. ఇంటికొక మనిషి వారానికొక రోజు వచ్చి ఇసుకో రాయో మోయాలని తీర్మానం. నా వంతు రోజున నాలుగు తట్టల ఇసుక మోసి గోడ నీడన కూర్చుంటే యాకోబు బాబాయి అందరి ముందూ, "దేవుని పనికొచ్చి పెళ్ళికొచ్చినట్టు కూర్చుంటే ఎట్టారా, లెయ్యి" అన్నారు. రోషం పుట్టింది. లేచి పొద్దుగూకే దాకా ఆగకుండా మోశాను, ఇంటికి చేరి గుమ్మంలోనే వాంతి చేసుకున్నాను, పదిహేను రోజులు లేవలేదు. నా తర్వాతి వంతులు తప్పిపోయాయి. ఆ నెల ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యాక బాబాయి బలిపీఠం మెట్టు మీద నిలబడి, దేవుని పని ఎగ్గొట్టినవాళ్ళు అని చదివిన చీటీలో నా పేరు మొదటిది. నా భార్య రూతమ్మ ఆడవాళ్ళ వరసలో కూర్చుని ఆ పేరు విన్నది.

సహోదరులారా, ఆ మధ్యాహ్నం నేను చేసిన ప్రార్థన మంచి ప్రార్థన కాదు. మోకాళ్ళు కూడా వంచలేదు. "ప్రభువా, కట్టు కట్టుకునే దెబ్బయినా ఇవ్వలేదు నాకు. కాలు విరిగి ఉంటే అందరూ నమ్మేవాళ్ళు. నమ్మించే దెబ్బన్నా ఇయ్యి, లేదంటే దీన్నన్నా తియ్యి, రెండూ చెయ్యకుండా ఊరుకుంటే నేనూరుకోను" అన్నాను. అలా మాట్లాడినందుకు ఆయన నన్ను కొట్టలేదు. జవాబు పంపాడు. అది మా వంటింట్లోనే ఉంది.

మా సంఘంలో స్త్రీలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తారు, నెలాఖరున ఆ బియ్యం మందిరానికి తెస్తారు. పని లేక వంటింటి గడపలో కూర్చున్న నేను రూతమ్మ పిడికెడు తీయడం చూసి, నా కోపం ఆమె మీద చూపించాను. "ఆ పిడికెడుతో ఏం ఒరిగిద్దే? మనల్ని ఎగ్గొట్టినోళ్ళన్నారు, మానెయ్" అన్నాను. ఆమె కుండకు మూత పెడుతూ, "ఇంట్లో నిండుగా ఉందని ఏ రోజూ దోసిలి పొయ్యలా, లేదని ఏ రోజూ మానలా. అందుకే కుండ నిండిద్ది. నీకు ఒంట్లో బాగుంటే దోసిలి, బాగలేకపోతే మంచం. నీ కుండ ఎట్టా నిండిద్దయ్యా?" అన్నది.

నేను మొండివాణ్ణి, విసురుగా లేచి బయటికి పోయాను. కానీ దేవుడు ఆ మాటను నా చెవిలోంచి తీయలేదు. నిజమే, తల తేలిగ్గా ఉన్న రోజు నేను పోగొట్టుకున్నదంతా ఆ ఒక్క రోజులోనే సంపాదించాలని విరగబడి చేసేవాణ్ణి, తర్వాత మూడు రోజులు పడుకునేవాణ్ణి. మర్నాడు పొద్దున్నే బోరింగు దగ్గరికి పోయి సగం బిందె నీళ్ళు తెచ్చి, బిగింపు రాకముందే కూర్చున్నాను. వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి, నాకు పట్టుబడిన మర్మం ఇదొక్కటే. కూర్చుని పరలోక ప్రార్థన నిదానంగా రెండుసార్లు చెప్పుకొని, మళ్ళీ సగం బిందె. అది ఒంటికి పడిందని తెలిశాక వారానికి ఒక బిందె పెంచాను. ఎక్కువై తల పట్టిన రోజున దేవుణ్ణీ తిట్టలేదు, నన్నూ తిట్టుకోలేదు, మర్నాడు ఒక మెట్టు కిందికి దిగి అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టాను. తేలిగ్గా ఉన్న రోజున కూడా కొలత దాటలేదు. నాలాంటివాడికి అదే అన్నిటికంటే కష్టమైంది, అక్కడే ప్రార్థన నాకు ఎక్కువ కావలసి వచ్చింది.

నాలుగు నెలలకు నా కాళ్ళతో నేను మందిరం పనికి వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. పొద్దున్నే మూడు తట్టలు మోసి కూర్చోవడం, ప్రార్థన చేసుకోవడం, మళ్ళీ మూడు. నా పేరున తప్పిన వంతులన్నీ అలాగే తీర్చాను, తీరాక కూడా మానలేదు. ఉత్తరపు గోడకు పట్టిన ఇసుకలో ఎక్కువ భాగం ఈ తల మీద వచ్చిందే. ఇప్పుడు నేను క్వారీలో నీడన కూర్చుని రాళ్ళు చెక్కే పని చేసుకుంటున్నాను, నా ఇల్లు నేను నడుపుకుంటున్నాను. లారీకి రాళ్ళెత్తను. ఇప్పటికీ కొలత దాటితే ఆ తలగుడ్డ బిగుస్తుంది, నేను అబద్ధం చెప్పను. కానీ అది నాకు యజమాని కాదు. దేవునికే మహిమ, ఆ తర్వాత రూతమ్మకు నా వందనం.

కట్టు లేని దెబ్బతో మీలో ఎవరైనా ఉంటే, నవ్వేవాళ్ళకు రుజువు చూపాలని నాలాగ ఒళ్ళు పాడుచేసుకోకండి. డాక్టరు మాట వినండి, బిగింపు రాకముందే కూర్చోండి, కూర్చున్నచోటే ఆయన్ని పిలవండి. మనుషులు తట్టలు లెక్కపెడతారు, ఆయన కూర్చున్నవాడి పక్కన కూర్చుంటాడు. నేను చూశాను గనుక చెబుతున్నాను, ఆయన్ని నమ్మండి.

ఇక మా యాకోబు బాబాయికి ఒక మాట. మీరు రోజూ పొద్దున పాలకేంద్రానికి మందిరం దారినే వెళతారు, నేను ఇసుక మొయ్యడం చూశారు, ఒకరోజు సైకిలు ఆపి కూడా చూశారు. నా పేరు ఏ మెట్టు మీద నిలబడి చదివారో ఆ మెట్టు మీదే నిలబడి, అది తప్పని చెప్పాలి. కోత పండుగ ఆదివారం నేను మొదటి వరసలో కూర్చుంటాను, రూతమ్మ కూడా వస్తుంది. సగం నయమైనవాడి సాక్ష్యం ఎవరికి కావాలని అడిగారు గదా. కప్పు లేని మందిరంలో, ఆ సగం గోడల మధ్య మనం ఏడాదిన్నర ఆరాధన చేశాం, దేవుడు అందులోకి రాలేదని మీరు ఒక్కరోజూ అనలేదు. సగం గోడల్లోకి వచ్చిన దేవుడు సగం నయమైనవాడిలోకి రాడా, బాబాయీ? సంఘం ఎదుట జవాబు చెప్పండి.