హామార్‌లో చూడవలసినవి

శుక్రవారం ప్రార్థన అయ్యాక టీ తాగుతూ మా ఫెలోషిప్ ఆడవాళ్ళు నా ఫోను లాక్కుని ఫోటోలన్నీ చూశారు. సరస్సు, అద్దాల ఇంట్లో పాత చర్చి గోడలు, పచ్చిక మీద నేనూ నా చెల్లెలూ, మధ్యలో దాని కూతురు. "ఎంత అదృష్టమమ్మా నీది, నార్వే చూసొచ్చావు" అంది ఒకావిడ. ఆవిడ తప్పేం లేదు. ఫోటోల్లో అందరం పళ్ళికిలించే ఉన్నాం. ఇక్కడ బహ్రెయిన్‌లో, మనామా ఎండలో మాడిపోతూ చూసేవాళ్ళకి ఆ నీళ్ళూ ఆ చెట్లూ స్వర్గంలాగే కనిపిస్తాయి. నాకు మాత్రం ఆ ఊరి మాటెత్తితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను సల్మానియా ఆస్పత్రిలో నర్సుని. మా ఆయనకి ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఏసీలు బాగుచేసే చిన్న షాపు ఉంది. మాకు పిల్లలు లేరు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. నా చెల్లెలు కూడా ఇక్కడే నర్సుగా చేసేది. పాప పుట్టిన ఏడాదిలోపే నార్వేలో ఉద్యోగం దొరికే దారి ఉందని, ముందు అక్కడి భాష నేర్చుకుని పరీక్షలు పాసవ్వాలని బయల్దేరింది. మరిదికి ఊరికి దూరంగా అవాలి వైపు డ్యూటీ. కంపెనీ క్వార్టర్‌లో ఉంటూ వారానికోసారి వచ్చి, పాపని ముద్దు పెట్టుకుని పోయేవాడు. "ఒక్క ఏడాది చూడక్కా" అంది చెల్లెలు. ఐదేళ్ళు చూశాను.

చూడటమంటే బొమ్మలిచ్చి కూర్చోబెట్టడం కాదు. పగలంతా పిల్లతో ఉండొచ్చని నైట్ డ్యూటీలు అడిగి మరీ వేయించుకున్నాను. మధ్యాహ్నం అది పడుకుంటే నేనూ ఓ కునుకు తీసేదాన్ని. దానికి మా వీధి చివరి రొట్టెల కొట్టంటే ప్రాణం. పొయ్యిలోంచి తీసిన ఖుబ్జ్‌లో చీజు పెట్టిస్తే ఇంటికొచ్చేలోపు సగం తినేసేది. నన్ను అమ్మా అనేది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ మాన్పించనూ లేదు. మనవాళ్ళలో పెద్దమ్మని అమ్మా అనడం కొత్తా ఏమన్నానా అని ఊరుకున్నాం. కన్నతల్లి రోజూ ఫోన్లో కనబడేది కాబట్టి దాన్ని 'ఫోన్ మమ్మీ' అని పిలిచేది. ఆ మాటకి ఇంట్లో అందరం పగలబడి నవ్వేవాళ్ళం. అవతల చెల్లెలు కూడా నవ్వేది.

చెల్లెలికి అక్కడ ఉద్యోగం ఖాయం కాగానే మరిది ఇక్కడి పని మానేసి పిల్లని తీసుకుని వెళ్ళిపోయాడు. ఏడాదిన్నర తర్వాత నేను సెలవు పెట్టి వాళ్ళుండే హామార్ అనే ఊరికి వెళ్ళాను. సరస్సు చూడటానికి మాత్రం కాదు. ఒక్క మాట అడగడానికి వెళ్ళాను. క్రిస్మస్ సెలవులకి పాపని మా దగ్గరికి పంపుతావా, తీసుకెళ్ళి తీసుకొచ్చే పూచీ మాది, అని. ఫోన్లో అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. కావలసినప్పుడల్లా దానికి సిగ్నల్ పోతుంది.

నేను వెళ్ళేసరికి పాప గుమ్మంలో నిలబడి "పెద్దమ్మా, బాగున్నారా?" అంది. బైబిలు వాక్యం అప్పజెప్పినట్టు అంది. దాని నోట్లోంచి నన్ను 'మీరు' అనే మాట వినడం అదే మొదలు. పెట్టెలో బట్టల మధ్య చుట్టి తెచ్చిన ఖుబ్జ్ తీసి ఇచ్చాను. వాసన చూసింది, వాళ్ళమ్మ వంక చూసింది, తర్వాత తింటానంది. చెల్లెలు దాన్ని తీసుకెళ్ళి ఫ్రీజర్లో పెట్టింది. తర్వాత రెండు రోజులూ పిల్ల ఏదో వేసవి క్యాంపు అని పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేది. రాగానే స్నానం, తిండి, నిద్ర. నా ప్రయాణానికి ముందు రోజు మాత్రం చెల్లెలు సెలవు పెట్టింది. "అక్కా, ఇవాళ ఊరంతా చూపిస్తా" అంది.

బహ్రెయిన్‌లో అన్నేళ్ళుండి ఒక్కసారి కూడా కోట వైపు తొంగిచూడని మనిషి అది. రమ్మంటే 'ఎండలో రాళ్ళేం చూస్తాంలే' అనేది. ఆ రోజు దాన్ని చూడాలి. ముందు అద్దాల ఇంటికి తీసుకెళ్ళింది. ఎప్పుడో కూలిపోయిన పెద్ద చర్చి గోడలు ఇంకా పాడవకుండా వాటి మీద కొండంత అద్దాల కప్పు వేశారు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అడగడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదనుకున్నాను.

"క్రిస్మస్‌కి పాపకి ఎన్నాళ్ళు సెలవులే?"

"అక్కా, ఇటు చూడు, ఆ కమానులు చూడు! అక్కడ నిలబడు, ఫోటో తీస్తా."

నిలబడ్డాను. తీసింది. అక్కణ్ణించి రైళ్ళ మ్యూజియం. బుల్లి రైల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నేను ఒక చివర, పాప ఇంకో చివర, మధ్యలో చెల్లెలు. మళ్ళీ నోరు విప్పబోయాను. ఈ ఇంజను బొగ్గుతో నడిచేది అని మొదలుపెట్టింది. ఆ తర్వాత ఓడని బోర్లించినట్టు కట్టిన ఒక హాలు. మంచు మీద పరుగు పందేలకట. దాని చుట్టూ కూడా తిప్పింది. నార్వే వాళ్ళు దీనికి జీతం ఇవ్వడం లేదన్నమాటే గానీ, ఏ గైడూ అంత ఓపిగ్గా చూపించి ఉండడు. పాప ముందు నడుస్తూ నన్ను అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి చూసేది. నేను చూడగానే తల తిప్పేసుకునేది.

మధ్యాహ్నం సరస్సు ఒడ్డున బల్ల మీద కూర్చుని కాగితంలో చుట్టిన రొట్టెముక్కలు తిన్నాం. మధ్యలో గోధుమరంగు చీజు, తియ్యగా, కాచిన పాలు అడుగంటినట్టు ఉంది. "ఇక్కడ అందరూ ఇంతేనక్కా, మధ్యాహ్నం వంటలేం ఉండవు" అంది. పాప గబగబా తినేసి నీళ్ళ వైపు పరిగెత్తింది. ఇక మేమిద్దరమే మిగిలాం. దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఒక్క మాట వినవే."

"అదిగో అక్కా, చక్రాల ఓడ! రోజూ రాదు ఇది. లే, లే, వెళ్ళిపోతుంది!"

నిజంగానే తెల్లటి పాత ఓడ ఒకటి చక్రాలు తిప్పుకుంటూ వస్తోంది. ఓడలు చూడని ఊరు కాదు మాది. సముద్రం మధ్యలో బతికేదాన్ని. నాకు ఓడ చూపిస్తుందా! ఆ మాటే అనబోయాను. అంతలో నీళ్ళ దగ్గర పాప కేక వేసింది.

పాచి పట్టిన రాయి మీద కాలు జారింది. మోకాలు చీరుకుని రక్తం కారుతోంది. "అమ్మా" అని అరిచింది. ఇద్దరం ఒకేసారి లేచాం. చెల్లెలు నాకన్నా ముందుంది, చేతులు చాపింది కూడా. పాప కుంటుకుంటూ వచ్చి, ఆ చేతుల పక్కనుంచి దాటి, నా నడుము పట్టుకుని పొట్టలో మొహం దాచుకుంది. ఏడాదిన్నరగా నాతో మాట్లాడని తెలుగులో, నా పిల్ల తెలుగులో, "అమ్మా, మన ఇంటికి పోదాం" అంది.

నాకు సంతోషమేసింది. ఎందుకు వెయ్యకూడదు? ఐదేళ్ళు పెంచిన చేతులు నావి. దాన్ని ఎత్తుకుని, తల మీదుగా చెల్లెలి మొహంలోకి చూశాను. నా సంతోషాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు. చెల్లెలు చాపిన చేతులు దించుకుని, బ్యాగులోంచి దూది తీసి, మోకాలు తుడిచి, పట్టీ వేసింది. వార్డులో ఎవరో రోగికి వేసినట్టు చక్కగా వేసింది. ఆ తర్వాత ఇంక ఏదీ చూడమనలేదు. చక్రాల ఓడ వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి పాప కారు వెనక సీట్లో నిద్రపోయింది. ఇంటి ముందు కారు ఆపి, చెల్లెలు దిగకుండా అలాగే కూర్చుంది.

"క్రిస్మస్ సంగతి అడగకక్కా" అంది.

"నేనింకా అడగనే లేదు."

"పొద్దున్నుంచీ అదేగా. నువ్వొచ్చిన రోజే తెలుసు. పంపుదామనే అనుకున్నాను. ఆయనతో చెప్పాను కూడా. ఇవాళ పడ్డప్పుడు నా దగ్గరికొచ్చి ఉంటే పంపేదాన్ని." అద్దంలోంచి వెనక సీటు వంక చూసింది. "జ్వరమొస్తే ఇప్పటికీ నిన్నే పిలుస్తుంది. పక్కన నేనుంటాను. ఇంక కొన్నాళ్ళు నువ్వు రావద్దక్కా."

"ఎవరు వెళ్ళమన్నారే నిన్ను అప్పుడు?" అన్నాను.

"ఎవరూ అనలేదు" అంది.

గట్టిగా అరిచి ఉంటే బాగుండేది, పిల్ల లేస్తుందని ఇద్దరం గుసగుసలాడుకున్నాం.

మర్నాడు స్టేషన్‌లో రైలు రావడం చూసి పాప నా వైపు చేతులు చాపింది. చెల్లెలు పక్కనే నిలబడి చూస్తోంది. ఇది చూస్తే మనసు మారుతుందేమో, వచ్చే ఏడాదైనా పంపుతుందేమో అని, నేను రెండు చేతులూ సూట్‌కేసు మీదే ఉంచుకుని, "అమ్మ దగ్గరికి వెళ్ళు" అన్నాను. అలా అనడం ఎంత కష్టమో చెప్పలేను. పిల్ల ఏడుస్తుందని, నన్ను వదలదని, బలవంతాన విడిపించుకోవాల్సి వస్తుందని అనుకున్నాను.

నన్ను ఒకసారి చూసింది. వెంటనే వెళ్ళి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. అంత త్వరగా వెళ్తుందనుకోలేదు.