ఓబులమ్మ కొంగులో పదకొండు మాత్రలు

ఓబులమ్మకు చదువు రాదు గానీ లెక్క తప్పదు. ధర్మవరంలో నీలావతి ఇంటి వసారాలో, రాట్నం ముందు కూర్చుని పన్నెండేళ్లుగా కండెలు చుడుతోంది. మగ్గం మీద అడ్డంగా నేసే పట్టుపోగును వేలెడంత గొట్టాలకు చుట్టి ఇవ్వడమే ఆమె పని. పది కండెలయితే ఒక చింతగింజ పక్కన పెడుతుంది. సాయంత్రం గింజలు చూసి ఎన్ని కండెలో చెబుతుంది. నీలావతి మొగుడు మళ్లీ లెక్కపెట్టడు.

"ఓబులమ్మత్త గింజ పెట్టిందంటే బ్యాంకోళ్లు సీలేసినట్లే," అంటాడు.

అంతకుముందు ఆమె వేరే వీధిలో ఉండేది. కూతురు ధనలక్ష్మి కూడా పక్కనే కూర్చుని కండెలు చుట్టేది. అల్లుడు పోయాక ధనలక్ష్మి హిందూపురం ఆసుపత్రికి ఎందుకు తిరుగుతోందో వారంలో వీధంతా తెలిసిపోయింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ గొడవపడలేదు. ఆమె చుట్టిన కండెలు మాత్రం సాయంత్రానికి బుట్టలోనే ఉండిపోయేవి. "పెండ్లి చీరలు కదా, ఏమనుకోవద్దు," అన్నారు. పట్టుపోగుకు అంటుకొని వచ్చే జబ్బు కాదది అని చెప్పడానికి ఓబులమ్మకే అప్పటికి తెలియదు. తెలిసేసరికి కూతురు లేదు. నాలుగేళ్ల మనవరాలిని చంకనేసుకుని ఈ వీధికి వచ్చింది. ఆ పసిదాని రక్తంలోనూ అదే ఉందన్న మాట ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఆ మనవరాలు ప్రశాంతికి ఇప్పుడు పదహారేళ్లు. రోజుకొక మాత్ర తప్పకుండా వేసుకుంటే అందరిలాగే బతుకుతుందని ఆసుపత్రిలో కౌన్సెలర్ వసుంధర మొదటి నుంచీ చెబుతూనే ఉంది. మాత్రలు ఊరికే ఇస్తారు. ఊరికే రానివి మిగతావన్నీ. రైలు టికెట్టు, ఆ రోజు పోయే కూలి, కడుపుకు సరిపడా తిండి. పోయినేడు ప్రశాంతి చీరల అంగట్లో చీరలు మడత పెట్టే పనికి చేరింది. సెలవు అడిగితే పనిలోంచి తీసేస్తారని రెండు నెలలు ఆసుపత్రికి పోలేదు. మూడో నెలలో జ్వరం పట్టుకుంది. పిల్ల దుప్పటి కింద ఉందో లేదో తెలియనంతగా చిక్కిపోయింది.

అప్పుడే ఒక సంస్థ ఇట్లాంటి పిల్లలకు నెలకు పదిహేను వందలు బ్యాంకులో వేయడం మొదలుపెట్టింది. వసుంధర ప్రశాంతి పేరు రాయించింది. షరతులు రెండే. చెప్పిన తేదీకి పిల్ల తానే రావాలి. మాత్రల సీసా తెచ్చి చూపించాలి, అందులో ఏమీ మిగలకూడదు.

ప్రశాంతి అంగడి మానేసి ఇంటర్లో చేరింది. ఇంట్లోకి రోజూ గుడ్డు వచ్చింది. బుగ్గలు పూడుకున్నాయి. చూసి చూసి ఓబులమ్మ మురిసిపోయింది. ఆ మురిపెంలోనే పొరపాటు చేసింది. దుడ్లు పడ్డాయో లేదో చూడమని బ్యాంకు పుస్తకం తీసుకుపోయి నీలావతి కూతురు సాయిసుధ చేతిలో పెట్టింది.

"ఓబులవ్వా, నెలనెలా పదహైదు నూర్లు పడతాండాయే! ఇది యా స్కీము?"

ఓబులమ్మ ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఏమనేదో. నోరు ముందే అనేసింది.

"బాగా చదివే పిల్లోళ్లకంట, హిందూపురంలో ఇస్తారు."

లోపల పోపు పెడుతున్న నీలావతి గరిటెతో సహా బయటికి వచ్చింది.

"ఏమత్తా, లెక్కల్లో తప్పిన ప్రశాంతికే ఇస్తే, క్లాసులో ఫస్టొచ్చిన మా సుధ ఏం పాపం చేసింది?"

అందరూ నవ్వారు. ఓబులమ్మ కూడా నవ్వింది. నీలావతి మాత్రం నవ్వుతో వదిలిపెట్టలేదు. "ఈసారి పోయేటప్పుడు మేమూ వస్తాం," అంది.

"పేర్లు రాసుకునేది అయిపోయిందంటమ్మా."

"అడిగితే పోయేదేముండాది? ఒకటి మిగిల్నా మిగిలుంటాది."

"ఆపీసు శానా దూరం నీలా, ఎండలో నడవాల."

"నీ మోకాళ్లకు లేని దూరం నా మోకాళ్లకొచ్చిందా?"

ఓబులమ్మకు అబద్ధం అలవాటు లేదు. మూడోదానికే ఆయాసం వచ్చేసింది. గడప మీద కూర్చున్న ప్రశాంతి అంతా విని, లేచి ఇంటికి వెళ్లిపోయింది.

తేదీ వచ్చింది. మాత్రల సీసా ఇంట్లో కండెల బుట్ట అడుగున, పాత పట్టు గుడ్డలో చుట్టి ఉంటుంది. ఆ పొద్దున సంచిలో పెట్టుకుందామని ఓబులమ్మ తీస్తే, ఖాళీగా ఉండాల్సిన సీసా గలగలమంది. అరచేతిలో పోసుకుంది. పదకొండు.

"ఏం పాపా ఇది?"

జడ వేసుకుంటున్న ప్రశాంతి తిరిగి చూడలేదు. "అవి నేనేసుకోలే."

"యాల?"

"మాత్రలు మిగిలితే దుడ్లు నిలిపేస్తారు. దుడ్లు నిలిచిపోతే నీలావతత్త యాల అడుగుతాది? ఆ పొద్దు ఆమె గరిట పట్టుకొని వచ్చినప్పుడే అనుకున్యా."

"వాళ్లు దుడ్లిచ్చేది నువ్వు బతకాలని గదే!"

"అమ్మ కండెలు ఎవురూ తీసుకోలేదని నువ్వే చెప్తివి గదవ్వా. మనం పోయేది ఆసుపత్రికని తెలిస్తే రేపు నీ కండెలు తీసుకుంటారా?"

ఓబులమ్మ చేయి చాచి మనవరాలి భుజం పట్టుకుంది. కండెలు పోతే పోనీ అనాలి. ఆ మాట అనేలోపే వీధి తలుపు దబదబా మోగింది.

"అత్తా! బండికి టయిమైతాండాది! చిత్రాన్నం కట్టినా, మీరేం చేయాకండి!"

సీసాలో పోస్తే మళ్లీ గలగలమంటుంది. పదకొండు మాత్రలనూ కొంగున ముడివేసి బొడ్లో దోపుకుని, ఓబులమ్మ తలుపు తీసింది.

రైల్లో నీలావతి కవరు విప్పింది. మార్కుల లిస్టు, ఆధారు, రేషను కార్డు, అన్నీ రెండేసి జిరాక్సులు. సాయిసుధకు జడలో కనకాంబరాలు కూడా పెట్టింది.

"సుధకి వచ్చిందంటే ఫస్టు నెల దుడ్లతో నీకే చీర, అత్తా. నీ కండెలతోనే నేపిస్తా."

ఓబులమ్మ రెండుసార్లు నోరు తెరిచింది. "నీలా, ఒక మాట..."

రెండుసార్లూ నీలావతి నీళ్ల బాటిలు అందించింది. "చిత్రాన్నం పొడిపొడిగా ఉండాది, తాగి తిను."

కిటికీలో పెనుకొండ కొండ కనిపించింది. స్టేషనులో బండి ఆగగానే ప్రశాంతి లేచింది.

"నీళ్లు పట్టుకొస్తా."

"ఇదో బాటిలుండాదే!" అంది సాయిసుధ. అప్పటికే ఆ పిల్ల దిగిపోయింది. కుళాయి వైపు పోలేదు. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీలో కూర్చుంది. బండి కూత వేసింది.

"మే ప్రశాంతీ! రా, బండి పోతాండాది!" నీలావతి కిటికీలోంచి అరిచింది.

ప్రశాంతి నీలావతిని చూడలేదు. అవ్వనే చూస్తూ, అడ్డంగా తల ఊపింది. బండి కదిలింది. ఓబులమ్మ సీట్లు పట్టుకుంటూ తలుపు దాకా పోయేసరికి బెంచీ వెనక్కి జరిగిపోతోంది. దూకబోయిందో, ఊరికే వంగిందో గానీ, నీలావతి వెనక నుంచి జబ్బ గట్టిగా పట్టుకుంది.

"పడతావత్తా! యాడికి పోతాది, ఆన్నే కూర్చోనుంటాదిలే. వచ్చేటప్పుడు పిల్చుకొని పోదాం. ఆపీసులో నువ్వుంటే చాల్దా? తేదీ ఈ పొద్దే గదా?"

"ఈ పొద్దే," అంది ఓబులమ్మ.

నీలావతి ఆమెను తెచ్చి సీట్లో కూర్చోబెట్టింది. చెదిరిన కొంగు సర్దుతుంటే చేతికి ముడి తగిలింది.

"దుడ్లా అత్తా? గట్టిగా పట్టుకో. హిందూపురంలో జనం జాస్తి."

ఓబులమ్మ గట్టిగా పట్టుకుంది.