ఆంటీ గదిలోకి మారిన ఆర్కిడ్లు

కెనడాలోని కిచెనర్‌కి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, అద్దెగదులు దొరకని ఆ రోజుల్లో, ఒక తెలుగు ఆంటీ తన ఇంట్లో నాకు గది ఇచ్చారు. ఆ గది కిటికీ దగ్గర ఆవిడ పెంచే ఆర్కిడ్ పూలమొక్కలు ఉండేవి.

"ఇవి చల్లటి చోట పెరిగేవమ్మా. వేడెక్కితే ఆకులు రాలిపోతాయి. హీటర్ ఎక్కువ పెట్టకు," అన్నారు.

చలి తట్టుకోలేక హీటర్ ఎక్కువే పెట్టేశాను. కొన్ని వారాలకు ఆకులు పండి రాలడం మొదలైంది. ఆవిడ చూశారు.

"చలేస్తోందని చెప్పొచ్చు కదమ్మా," అంటూ కుండీలన్నీ తన పడకగదిలో పెట్టుకున్నారు. అక్కడ హీటర్ తగ్గించి, చలికాలమంతా స్వెటర్‌తోనే పడుకున్నారు.

ఆకులు రాలడం ఆగింది. ఒకరోజు ఒక మొక్క కొత్త ఆకు వేసిందని సంబరంగా పిలిచి చూపించారు. ఆవిడ ముఖంలోకి చూడలేక, ఆ ఆకునే చూస్తూ నిలబడ్డాను.